పూత

చిన్నబజారు సందులో మాది పూతపని.
ఇత్తడికి వెండి ముఖం, రాగికి బంగారు ముఖం.
"మనం అబద్ధం చెప్పంరా,
అబద్ధాన్ని తోమి ఇస్తాం, అంతే"
అనేవాడు మా అబ్బ, ఆమ్లానికి కాలిన వేళ్ళు ఊదుకుంటూ.

గూడూరు పాసింజరు దిగి నేరుగా వచ్చిందామె.
పేరు రాయాలి చెప్పమంటే, పెంచలమ్మ.
పాత తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టింది:
దోసిలంత గిన్నె, మూడు పొట్టి కాళ్ళు,
బయట వెండి, వెండి అరిగిన చోట ఇత్తడి,
లోపల గాజులాంటి ఎనామిల్, నీలం.
మైపాడు సముద్రం నీలం కాదు,
సిరాబుడ్డి అడుగున ఎవరూ వాడని నీలం.

"కొత్త పూత పెట్టు నాయనా. అమ్మేసుకోవాల."

నేను బ్రష్షు అందుకునేలోపే
"ఆగు మస్తాన్" అన్నారు వైద్యలింగం గారు.
పాత సామాన్ల కోసం నెలకోసారి
చెన్నపట్నం నుంచి వచ్చే మనిషి.
కంటికి భూతద్దం బిగించి, గిన్నె బోర్లించి,
అడుగున ఉన్న ముద్రని
పసిబిడ్డ పుట్టుమచ్చ చూసినట్టు చూశారు.
"అరవై ఏళ్ళ నాటిది. అరుగు అరుగులాగే ఉండాలి.
నువ్వు చెయ్యి పెడితే సగం ధర పోద్ది."

ముప్పయ్యేళ్ళ నా పనితనం
ఒక్క మాటలో సగానికి పడిపోయింది.
బ్రష్షు నీళ్ళలో వేసి, టీ చెప్పాను ముగ్గురికీ.

"ఇదిగో, ఇక్కడ పెచ్చు లేచింది. దీనికి తగ్గించాలి."

పెంచలమ్మ వంగి చూసింది.
"అది నా కత్తి సార్.
అభ్రకం షెడ్డులో పొరలొలిచే కత్తి.
పన్నెండేళ్ళప్పుడు కూచున్నా ఆ బల్ల కాడ.
దొర ఎవరో యజమానికి పంపిచ్చిన గిన్నె ఇది,
గుండుసూదులు పోసుకోనుండేది గుమాస్తా.
షెడ్డు మూసేసిన నాడు నాలుగు వారాల కూలి బాకీ.
చేతికందింది తీసకపోండి అన్నారు.
త్రాసు ఒకరు, బల్ల ఒకరు,
గోడ గడియారానికి ఇద్దురు కొట్టుకున్నారు.
నాకిది దొరికింది.
ఇంటికి బొయ్యి కత్తి ఇందులో ఇసిరేశా. ఖంగుమనింది."

వైద్యలింగం గారు పెచ్చు మీద వేలు పెట్టి
కాసేపు తియ్యలేదు.
ధర మాత్రం పెంచలేదు.

"తూకం వెయ్యండి మరి" అందామె.
"ఇది తూకానికి కాదమ్మా."
"కాటా లేకుండా కూలి చూడలేదు సార్ నేను.
రాయి తూచారు, రేకు తూచారు,
సాయంత్రం కొంగు దులిపించి
ఆ పొడి కూడా తూచారు.
దేనికి మరి మీరిచ్చే డబ్బు?"
"ఈ అరుగుకి. ఈ పల్చనైపోయిన పూతకి."

ఆమె నవ్వింది. పళ్ళు తక్కువ, నవ్వు ఎక్కువ.
"అట్టా చెప్పండి!
కాకిబంగారమూ అంతే గదా.
మందంగా ఉంటే రాయి, ఇసిరేస్తారు.
ఆకుపచ్చగా, ఊదితే ఎగిరేంత పల్చగా ఒలిస్తే
అప్పుడు దొర వస్తాడు.
పల్చనయ్యేకొద్దీ ధర. నాకు తెలీదా?
ఇంకో రెండు వేలు వెయ్యండి."

బేరం ఒకటిన్నర దగ్గర తెగింది.
ఆమె నోట్లు లెక్కపెట్టడం చూశాను:
బొటనవేలి గోరు అంచుకి దూర్చి,
ఒక్కో నోటునీ మెల్లగా విడదీస్తోంది,
లోపల ఇంకో పొర ఉందేమో అన్నట్టు.

గిన్నె పత్తిలో చుట్టుకుని పెట్టెలోకి పోయింది.
ఇక దాంట్లో ఎవరూ ఏమీ పొయ్యరు.
దీపం కింద పెట్టి చూస్తారట.

మెట్లు దిగబోయి వెనక్కి తిరిగింది.
"అబ్బయా, ఆ కొలతకి స్టీలు గిన్నె ఏదన్నా ఉందా?
ఇంటికాడ దాని మీదకి సరిపోయే మూత ఒకటుంది.
అదేం చేసుకోవాల నేను?"

మూడు గిన్నెలు తీసి చూపించాను.
కళ్ళు మూసుకుని అంచుల చుట్టూ
వేలు తిప్పి తిప్పి, రెండోది తీసుకుంది.
డబ్బులు వద్దంటే వినలేదు.
"తూకం వెయ్యి" అంది.